తవ్వించినవాళ్ళూ, తవ్వినవాళ్ళూ: మధ్యయుగాల మీద ఒక డాక్యుమెంటరీ

గౌలిగూడలో మా యింటికి ఈమధ్య ఇద్దరు యువకులు వచ్చారు. ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాళ్ళు. ఇప్పుడు ఒకతను పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు, ఇంకొకతను ఎడిటింగ్ చేస్తాడు. కాకతీయుల కాలం మీద నలభై నిమిషాల డాక్యుమెంటరీ తీయబోతున్నామనీ, దాన్ని బడుల్లో చూపించాలని తమ కోరిక అనీ, వ్యాఖ్యానంలో భాషాదోషాలుంటే దిద్దిపెట్టమనీ అడిగారు. ఎర్రసిరా కలం తీసుకుని కూచున్నాను.

భాషాదోషాలు పెద్దగా లేవు. కానీ స్క్రిప్టు పొడుగునా ఒకే రకం క్రియ వుంది. గణపతిదేవుడు చెరువులు తవ్వించాడు. రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు. రుద్రమదేవి కోట పూర్తి చేయించింది. శిల్పాలు చెక్కించారు, శాసనాలు వేయించారు, పొలాలు సాగు చేయించారు. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటాం. పని ఒకరిది, ప్రేరణ ఇంకొకరిది. వాక్యంలో కర్త స్థానం మాత్రం ప్రేరేపించినవాడికే దక్కుతుంది. పనిచేసినవాణ్ణి చెప్పాలంటే 'చేత' అనో 'తో' అనో చేర్చి చెప్పాలి. చెప్పకపోయినా వాక్యానికి లోటేమీ రాదు. వ్యాకరణరీత్యా తప్పు కాదు గనక నేను దిద్దడానికి వీల్లేదు. కానీ నలభై నిమిషాల పాటు ఈ వాక్యాలే వింటే ఏడో తరగతి పిల్లలు కాకతీయ రాజ్యంలో అందరూ చేయించేవాళ్ళే తప్ప చేసేవాళ్ళు ఎవరూ లేరనుకుంటారు.

ఆ మాటే వాళ్ళతో అన్నాను. "శాసనాల్లో అట్లాగే వుంది కదా సార్" అన్నారు. నిజమే. అందుకే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

శాసనం ఎవరి మాట? దానం ఇచ్చినవాడి మాట, లేదా వాడి దగ్గర వున్న పండితుడి మాట. తాను చేసిన పుణ్యం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని రాతిమీద వేయించుకున్నాడు. మన చరిత్రకారులకు దొరికిన ప్రధానమైన ఆధారం అదే గనక మన చరిత్ర గ్రంథాల్లోకి కూడా ఆ వాక్యనిర్మాణమే దిగింది. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో వెలువడినప్పుడు మన జాతికి ఒక చరిత్ర వుందని చెప్పడమే పెద్ద పని. ఆ పనికి రాజవంశాలు అవసరమయ్యాయి. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చాక గాని తెలుగువాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అన్నవి చరిత్ర అనిపించుకోలేదు. ఆ పుస్తకం వచ్చి డెబ్బై అయిదేళ్ళు దాటింది. మన సినిమా మాత్రం ఇంకా 1910లోనే వుంది.

కథాచిత్రాన్ని ఇక్కడ పక్కన పెడదాం. 'రుద్రమదేవి' 2015లో వచ్చింది. అది నిజమని ఎవరూ ప్రమాణం చేయలేదు. డాక్యుమెంటరీ సంగతి వేరు. ఇది జరిగింది, ఇదిగో సాక్ష్యం అనే హామీతో అది మొదలవుతుంది. ప్రేక్షకుడు, ముఖ్యంగా పిల్లవాడు, ఆ హామీని నమ్మి కూచుంటాడు. అయితే మధ్యయుగాల డాక్యుమెంటరీకి ఒక చిక్కు వుంది. స్వాతంత్ర్యోద్యమానికి ఫిలిం ముక్కలున్నాయి, ఫొటోలున్నాయి, మొన్నమొన్నటిదాకా బతికున్న సాక్షులున్నారు. పదమూడో శతాబ్దానికి ఇవేవీ లేవు. కెమెరాకు దొరికేవి రాళ్ళు, చెరువులు, నాణేలు, పద్యాలు, జనం నోట మిగిలిన కథలు. వీటికి నోరు లేదు. నోరు మనం ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఎక్కడ సాక్ష్యం ఆగిందో, ఎక్కడ మన ఊహ మొదలైందో ప్రేక్షకుడికి తెలియాలి. మధ్యయుగాల డాక్యుమెంటరీలో నిజాయితీ అంటే నా దృష్టిలో ప్రధానంగా ఇదే.

ఈ చిక్కును మన దేశంలో పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవాడు మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగళ్. నెహ్రూ అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసి 1946లో ప్రచురించిన పుస్తకం ఆధారంగా ఆయన తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' యాభై మూడు భాగాలుగా 1988 నుంచి దూరదర్శన్‌లో వచ్చింది. నటులు వేషాలు కట్టి సన్నివేశాలు నటించినా, నెహ్రూ వేషంలో వున్న రోషన్ సేథ్ మధ్యమధ్య వచ్చి మాట్లాడేవాడు. ఓం పురి ఒక వారం అశోకుడు, ఇంకో వారం అల్లావుద్దీన్ ఖిల్జీ, మరో వారం ఔరంగజేబు. డబ్బు లేక ఒకే నటుణ్ణి వాడుకున్నారని అప్పట్లో కొందరు నవ్వారు. నేనట్లా అనుకోను. నిన్నటి అశోకుడే ఇవాళ ఖిల్జీ అయినప్పుడు, ఇది నటన, అసలు మనిషి కాదు అన్న ఎరుక చూసేవాడికి పోదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చిత్తోడు ముట్టడి జరిగింది 1303లో. జాయసీ 'పద్మావత్' రాసింది 1540లో. బెనెగళ్ ఆ కథను చూపించాడు గానీ జాయసీ కావ్యంగా చూపించాడు. కావ్యాన్ని కావ్యమని చెప్పి చూపిస్తే అది అబద్ధం కాదు, రెండువందల ఏళ్ళ తర్వాతి మనుషులు ఏమనుకున్నారో చెప్పే సాక్ష్యం. ఆ మాట చెప్పకుండా చూపించినందువల్ల దేశంలో ఏమేం జరిగిందో మనం చూశాం.

ఇప్పుడు మా కుర్రాళ్ళ స్క్రిప్టులోకి వస్తాను. అందులో రుద్రమదేవి గుర్రం మీద కత్తి దూసి, అంబదేవుడితో పోరాడుతూ రణరంగంలో నేలకొరిగే దృశ్యం వుంది. వ్యాఖ్యాత గొంతు ఉద్వేగంతో వణకాలని పక్కన రాసుకున్నారు కూడా. దీనికి ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం. 1289 నవంబరు నాటిది. కాకతి రాణి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను దేవుడికి భూమి ఇచ్చాడనీ అందులో వుంది. అంతే. ఎక్కడ పోయారో, ఎట్లా పోయారో లేదు. ఇద్దరూ ఒక్కసారే పోయారు గనకా, కాయస్థ అంబదేవుడు అప్పటికే తిరగబడి వున్నాడు గనకా, యుద్ధంలోనే పోయి వుంటారని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహే. అయినా ఊహ.

నేను వాళ్ళకు చెప్పింది ఇది: కత్తియుద్ధం తీసేయండి. చందుపట్ల వెళ్ళి ఆ రాయిని తీయండి. పొద్దుటి ఏటవాలు ఎండలో అక్షరాలు లేచి కనబడతాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ కనబడవు. అక్షరాల మీద కెమెరా మెల్లగా నడవనివ్వండి. ఇంత పెద్ద రాణి చావు మనకు తెలిసింది ఒక చిన్న భూదానం వల్ల అని చెప్పండి. మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. దూరదేశపువాడు పొరబడ్డాడన్న సంగతి కూడా చెప్పండి. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి తగాదా పడడం పిల్లలకు కత్తియుద్ధం కంటే తక్కువ రుచిగా ఏమీ వుండదు. పాతికేళ్ళుగా పిల్లల మధ్య వున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను.

మోటుపల్లి మాట వచ్చింది గనక ఇంకొకటి. గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయశాసనాన్ని స్క్రిప్టులో రెండు వాక్యాల్లో తేల్చేశారు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్ళు. ఇక అట్లా లాగం, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని ఆ శాసనం. కింద సరుకుల పట్టిక వుంది: గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, పోకలు. రాజు దయాగుణం అని స్క్రిప్టు రాసింది. దయ సరే. వర్తకుడు భయపడి ఇంకో రేవుకు పోతే సుంకం కూడా రాదన్న లెక్క అందులో లేదా? ఆ పట్టికను ఒక్కొక్క సరుకుగా తెరమీద పెట్టి, పక్కన సుంకం రేటు వేస్తే రాజ్యం దేనిమీద నడిచేదో అర్థమవుతుంది. స్వర్ణయుగం అనే మాట అప్పుడు అక్కర్లేదు.

ఇక సాహిత్యం సంగతి. నేను తెలుగు పంతులుని గనక ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూచుంటాను. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద వున్న 'క్రీడాభిరామం' ఓరుగల్లు డాక్యుమెంటరీ తీసేవాడికి దొరికిన పెన్నిధి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళు, ఏకవీర గుడి, వేశ్యవాటిక, ఒక రూకకు కప్పురభోగి అన్నమూ గోధుమపిండి వంటలూ పెట్టే పూటకూళ్ళ ఇల్లు. భుజాన కెమెరా పెట్టుకుని నడిచినట్టే వుంటుంది. సురవరం వారు దాన్ని అట్లాగే వాడుకున్నారు.

కానీ రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, ఓరుగల్లు పడిపోయింది 1323లో. ఈ కావ్యం ఆ తర్వాతిది, పైగా రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత రూపకానికి అనుసరణ. రెండోది అంతకంటే పెద్దది. ఈ కెమెరా ఎవరి భుజాన వుంది? ఒక విలాసపురుషుడైన బ్రాహ్మణుడు, అతని స్నేహితుడైన ఒక సెట్టి. వాళ్ళు పనికోసం బజారుకు రాలేదు, వినోదానికి వచ్చారు. అందుచేత వాళ్ళకు కనిపించిన ఆడవాళ్ళందరూ అందగత్తెలే, పనివాళ్ళందరూ వింతలే. పూటకూళ్ళింట్లో వంట రుచి పద్యంలోకి వచ్చింది. వండిన చేతుల పగుళ్ళు రాలేదు. కావ్యాన్ని పారేయమని నేననను. అంత మాట అనేవాడికి సాహిత్యం తెలియదు. కానీ కెమెరా ఆ ఇద్దరి వెంట నడుస్తూనే అప్పుడప్పుడు వాళ్ళను వదిలి వెనక్కి తిరగాలి. వాళ్ళు దాటిపోయిన వాకిట్లో ఎవరున్నారో చూడాలి.

శాసనం లేని చరిత్ర మాటేమిటి? స్క్రిప్టులో రామప్ప గుడికి ఆరు నిమిషాలిచ్చారు. ఇవ్వవలసిందే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, నీళ్ళలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక పునాది, 2021లో యునెస్కో గుర్తింపు. ఆ గుడికి ఎంతో దూరం లేదు మేడారం. రెండేళ్ళకొకసారి లక్షల జనం అక్కడ సమ్మక్క సారలమ్మలను కొలుస్తారు. కోయల కథ ప్రకారం కరువొచ్చి కప్పం కట్టలేకపోయినందుకు కాకతీయ సైన్యం వాళ్ళమీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న ఆ పోరులో పోయారు. జంపన్న పడిన వాగుకు అతని పేరే. సమ్మక్క చిలుకలగుట్టకేసి వెళ్ళి తిరిగి కనిపించలేదు. స్క్రిప్టులో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదంటే "శాసనాధారం లేదు సార్" అన్నారు.

వీళ్ళే రుద్రమదేవి కత్తియుద్ధాన్ని ఆధారం లేకపోయినా పెట్టారు! రాణి వీరమరణానికి ఊహ చాలింది. కోయ ఆడమనిషి వీరమరణానికి శాసనం కావలసి వచ్చింది. ఇది ఆ కుర్రాళ్ళ దురుద్దేశమని నేననను. మనందరి తలల్లోనూ ఈ తక్కెడే వుంది. కోయలకు రాళ్ళమీద రాయించుకునే స్తోమత లేదు, పాట వుంది. ఆ పాట కాలక్రమంలో మారి వుంటుంది, దేవతలుగా మారినవాళ్ళ చుట్టూ మహిమలు చేరి వుంటాయి. అట్లా చేరాయని చెప్పి, పాటను పాటగానే వినిపించాలి. జాయసీకి ఇచ్చిన మర్యాద కోయ గాయకుడికి ఎందుకివ్వకూడదు? స్వర్ణయుగంలో కప్పం కట్టలేని మనుషులున్నారని ఏడెనిమిది వందల ఏళ్ళుగా జనం మరిచిపోకపోవడమే ఒక సాక్ష్యం. అది ఏ తేదీకి సాక్ష్యం, ఏ రాజుకు సాక్ష్యం అన్నది తర్వాతి ప్రశ్న.

పన్నుల సంగతి ఆనాటి శాసనాల్లోనూ కావలసినంత వుంది. ఇల్లరి, పుల్లరి, అంగడి సుంకం. పుల్లరి అంటే పశువులు మేసినందుకు కట్టే పన్ను. మా పేట పేరులోని గౌలి అంటే పాలు అమ్ముకునే పశువులవాడు. ఆ మాట వినగానే నాకు పుల్లరే గుర్తొస్తుంది. ఆ పన్ను కాకతీయులతో పోలేదు, రాజులందరినీ దాటుకుని ఇంగ్లీషువాళ్ళ దాకా వచ్చింది. 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపింది పుల్లరి కట్టనన్నందుకే. మధ్యయుగం అయిపోయింది అని పాఠ్యపుస్తకం ఒక తేదీ వేస్తుంది గానీ పన్ను ఆ తేదీని పట్టించుకోదు. డాక్యుమెంటరీ పట్టుకోవలసిన దారాలు ఇట్లాంటివి.

చిన్న విషయాలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. వంటింటి దృశ్యంలో ఎండుమిరపకాయలు దంచుతున్నట్టు రాశారు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. పదమూడో శతాబ్దంలో కారమంటే మిరియమే. మొక్కజొన్న, వేరుశెనగ, టమాటా, పొగాకు కూడా అంతే. గుడి ముందు బంతిపూల దండలు కూడా తీసేయాలి. ఖర్చు లేని సవరణలివి. ఓరుగల్లు తోరణాలను కోట ద్వారాలన్నారు, అవి స్వయంభూ దేవాలయానివి. కంప్యూటరును అడిగితే కృత్రిమంగా ఓరుగల్లు బజారును క్షణాల్లో గీసి ఇస్తోందని ఒకతను సరదాగా చూపించాడు. అందులో బజారు నిండా పట్టుబట్టలే, ఒక్క మోకాలి పైకి కట్టిన గోచీ లేదు. ఇదివరకు ఈ పని సినిమా సెట్టు చేసేది. ఇప్పుడు యంత్రం సెట్టును చూసి నేర్చుకుంది.

నటులతో దృశ్యాలు తీయవద్దని కూడా నేననను. ఇంగ్లండులో పీటర్ వాట్కిన్స్ 1964లో తీసిన 'కలోడెన్' అనే చిత్రముంది. 1746 నాటి యుద్ధం, మధ్యయుగానిది కాదు. యుద్ధరంగంలోకి టీవీ విలేఖరులు వెళ్ళినట్టు తీశాడు. నటులు వృత్తి నటులు కారు, మామూలు జనం. ప్రతి సిపాయిని ఆపి, నీవెవరు, ఎవరి భూమి చేస్తున్నావు, ఎందుకొచ్చావు అన్నట్టు వివరాలు చెబుతాడు. దొర రమ్మంటే రాక తప్పని కౌలుదార్లు వాళ్ళు. యుద్ధం ఎవరు గెలిచారన్నది ఆ తర్వాత పెద్ద విషయంగా తోచదు. మన దగ్గర బి. నరసింగరావు గారి 'మా ఊరు' 1987లో వచ్చింది. ఊళ్ళో పనిని ఓపికగా ఎట్లా చూడాలో అది నేర్పుతుంది. చెరువు కట్ట తీసే ముందు ఆ రెండూ చూడమని చెప్పాను.

ఇక అసలు భయపెట్టే విషయం. స్క్రిప్టు చివర 1323లో ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లును పట్టుకున్న ఘట్టం వుంది. అక్కడికి వచ్చేసరికి వ్యాఖ్యానం భాష మారిపోయింది. తురకలు, మ్లేచ్ఛులు, చీకటియుగం. ఖర్చు భరిస్తానన్న పెద్దమనిషి ఒకాయన ఈ భాగం ఇంకా పెంచమన్నాడట. స్వయంభూ దేవాలయం ధ్వంసమైంది. దాచనక్కర్లేదు, తోరణాలు నాలుగూ నిలబడి చెబుతున్నాయి. కానీ అదే ఓరుగల్లు సేనాని ఒకడు ఇస్లాం పుచ్చుకుని మాలిక్ మక్బూల్ అయ్యాడు, ఓరుగల్లును పాలించాడు, ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర ప్రధానమంత్రి అయ్యాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ దగ్గర ఎనిమిది పలకల సమాధి వుంది, తెలంగాణీ సమాధి అంటారు. మారన 'మార్కండేయ పురాణం' అంకితం తీసుకున్న నాగయ గన్నసేనానే ఇతడని చరిత్రకారులు గుర్తించారు. పురాణం అంకితం తీసుకున్నవాడి సమాధి ఢిల్లీ సుల్తానుల నగరంలో! ఇంతకంటే గొప్ప ముగింపు షాటు ఏ కథారచయితా సృష్టించలేడు. వాడుకోకపోవడం మూర్ఖత్వం.

మా ఇంటినుంచి మూసీ వెంట పడమరకు నడిస్తే పురానాపూల్ వస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. చూడండి, నేను కూడా కట్టించాడు అనేశాను. కొడుకు మహమ్మద్ కులీ భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడని తండ్రి ఈ వంతెన వేయించాడని కథ. అప్పటికి ఆ కొడుక్కి పన్నెండు పదమూడేళ్ళు! ఇబ్రహీం యవ్వనంలో ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1565లో ఆ రామరాయల మీదికే దండెత్తిన సుల్తానుల్లో ఒకడయ్యాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం తీసుకున్న మల్కిభరాముడూ ఇతడే. ఈ మనిషిని మంచి తురక, చెడ్డ తురక అన్న రెండు గళ్ళలో ఎందులో వేస్తారు? మతం కంటే సుంకాలూ కోటలూ రేవులూ ఆ యుద్ధాలను నడిపాయని చెబితే కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. కానీ పెద్దమనిషికి ఎట్లా చెప్పడం అన్నారు. 2023లో పన్నెండో తరగతి కేంద్ర పాఠ్యపుస్తకం నుంచి మొగల్ దర్బారుల పాఠాన్నే తీసేసిన కాలంలో అది చిన్న ప్రశ్నేమీ కాదు.

పెద్దమనిషి డబ్బు ఇంకా చేతికి రాలేదు. అది రాకపోయినా చెరువు భాగం తీసుకొద్దామని ఇద్దరూ పాకాలకూ రామప్పకూ వెళ్ళొచ్చారు. డ్రోను అద్దె దండగని నేను వద్దన్నాను, వాళ్ళు వినలేదు. పైనుంచి చూస్తే కట్ట పొడవు, కింద పచ్చటి ఆయకట్టు నిజంగానే బాగున్నాయి. కానీ నాకు నచ్చింది వేరే. తూము దగ్గర నీరటికాడు ఒకాయన చేత్తో చెత్త తీస్తూ, నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చెబుతున్నాడు. వ్యాఖ్యానం లేకుండా ఒక నిమిషం పైగా అది అట్లాగే వుంచారు. తరవాత, ఈ కట్టకు మట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు అన్న వాక్యం వస్తుంది. స్క్రిప్టులో తవ్వించాడు అన్నచోటల్లా తవ్వారు అని మార్చుకొచ్చారు. ఒకచోట మాత్రం మార్చలేదు. దశబంధ మాన్యం కింద చెరువు ఆదాయంలో పదో వంతు ఎవరికి దక్కేదో చెప్పే వాక్యం అది. తవ్వించినవాడికి దక్కేది. అక్కడ అదే మాట వుండాలని ఎడిటింగ్ చేసే అతను పట్టుబట్టాడు. నేను ఎర్రకలం మూసేశాను.